పరాసుల పట్నానికి ఏ పుస్తకం తోడు?

సెలవులు దగ్గర పడుతున్న కొద్దీ మదరసాకు వచ్చే తల్లిదండ్రుల నుండి ఒక ప్రశ్న తరచుగా వినవలసి వస్తోంది. "మౌలానా సాహెబ్, పిల్లలను ఓ మూడు రోజులు పుదుచ్చేరి తీసుకువెళ్లాలనుకుంటున్నాం. ఏ పుస్తకం చూసుకుని వెళ్తే బాగుంటుంది?" ఇదివరలో మన కుటుంబాలకు ప్రయాణమంటే బంధువుల పెళ్లి, లేదా ఆసుపత్రి, లేదా జీవితంలో ఒక్కసారి హజ్. ఇప్పుడు కేవలం చూడటం కోసమే బయలుదేరుతున్నారు. ఇది సంతోషించవలసిన మార్పే. భూమిలో సంచరించి, గతించిన జాతుల జాడలను చూడమని దివ్య ఖుర్ఆన్ ఎన్నోచోట్ల మనల్ని ప్రోత్సహిస్తోంది. అయితే కొత్త ఊరిలో అడుగుపెట్టినవాడు మొదటి రోజున తన కళ్లతో చూసేది తక్కువ, తనకు దారి చెప్పినవాడి కళ్లతో చూసేది ఎక్కువ. అందుచేత ఆ దారి చెప్పే పుస్తకాన్ని ఎంచుకోవటం చిన్న విషయమని నేను అనుకోను. ఏడాదంతా కూడబెట్టిన సొమ్ము, వృద్ధులైన తల్లిదండ్రుల ఓపిక, ఒక్కొక్కసారి పిల్లల ప్రాణాలు కూడా ఆ పుస్తకంలోని ఒక వాక్యం మీద ఆధారపడతాయి.

ఫ్రెంచి వారి ఊరును చూడాలన్న కుతూహలం కృష్ణా తీరవాసులకు కలగటంలో వింత లేదు. పాత తెలుగులో వారిని పరాసులనేవారు. బందరులోని పరాసుపేట ఆ పేరును నేటికీ మోస్తూనే ఉంది. డచ్చి వారి పేరు వలందపాలెంలోనూ, ఆంగ్లేయుల పేరు ఇంగ్లీషుపాలెంలోనూ మిగిలాయి. ఫ్రెంచి కంపెనీ తరఫున గోల్కొండ సుల్తాను వద్ద ఫర్మానా సంపాదించి, 1669లో బందరులో వర్తకశాల తెరిచినవాడు మర్కారా అనే ఆర్మీనియా జాతీయుడు. 1750లో బందరు పట్టణమే ఫ్రెంచి వారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ కోటను పట్టుకోవటంతో ఆ ప్రాభవం ముగిసింది. అయినా ఒక చిన్న స్థలం మాత్రం 1947 వరకు వారి పేరనే ఉండిపోయింది. తెలుగువారి యానాం 1954 వరకు వారి పాలనలోనే ఉంది. అయితే పరాసుపేటలో పరాసు భాష వినబడదు. ఆ భాష ఇంకా కొద్దో గొప్పో పలికే ఊరిని చూడదలచినవారికి మనకు అందుబాటులో ఉన్నది పుదుచ్చేరి ఒక్కటే.

ఇక పుస్తకం సంగతి. మదరసాలో హదీసు శాస్త్రం బోధించేవాడిని గనుక నా ఆలోచన సహజంగానే ఆ దారినే నడుస్తుంది. ఒక ఉల్లేఖనం మన ముందుకు వచ్చినప్పుడు హదీసువేత్తలు మొదట అందులోని విషయం ఎంత అందంగా ఉందో చూడరు. చెప్పినవాడు ఎవరు, అతడు స్వయంగా విన్నాడా, ఎప్పుడు విన్నాడు, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, ఆ మాట చెప్పటంలో అతనికి స్వప్రయోజనం ఏమైనా ఉందా అని చూస్తారు. పేరు ఉండీ ఆనుపానులు తెలియని ఉల్లేఖకుడిని 'మజ్హూల్' అంటారు. తాను వినకుండానే విన్నట్టు భ్రమ కలిగించేలా చెప్పి మధ్యవాడిని దాచిపెట్టటాన్ని 'తద్లీస్' అంటారు. ధార్మిక విషయాలలో వాడే ఈ కొలబద్దను గైడు పుస్తకం మీద ప్రయోగించటం అతిశయమని కొందరికి తోచవచ్చు. కాని వార్త తెచ్చినవాడిని విచారించకుండా నమ్మితే నష్టపోయేది మనమేనన్న సూత్రం ధర్మానికీ వర్తిస్తుంది, దారి ఖర్చులకూ వర్తిస్తుంది.

మన పూర్వికులలో భూగోళవేత్తలు ఈ సూత్రాన్ని పాటించారు. బైతుల్ మఖ్దిస్‌లో జన్మించిన అల్ ముఖద్దసీ సుమారు 985లో రచించిన 'అహ్సనుత్తఖాసీమ్'లో తన సమాచారం మూడు రకాలని ముందే చెప్పుకున్నాడు. స్వయంగా చూసినది ఒకటి, నమ్మకమైన మనుషుల నోట విన్నది రెండవది, గ్రంథాలలో చదివినది మూడవది. వెయ్యేళ్ల క్రితం ఒక యాత్రికుడు పాటించిన ఈ నిజాయితీ నేడు నిగనిగలాడే కాగితం మీద అచ్చయ్యే పుస్తకాలలో కనబడటం అరుదు. ఇరవై ఊళ్ల గురించి రాసిన రచయిత ఆ ఇరవై ఊళ్లలోనూ నిద్ర చేశాడా లేదా అన్నది ముందుమాటలో వెదకండి. చాలా పుస్తకాలు అక్కడ మౌనం వహిస్తాయి.

మరి సామాన్య పాఠకుడు ఈ విచారణ ఎలా చేయగలడు? పుదుచ్చేరి తెలియదు గనుకనే పుస్తకం కొంటున్నాడు కదా, ఆ పుస్తకం నిజం చెబుతోందో లేదో అతనికెలా తెలుస్తుంది? దీనికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. పుస్తకాన్ని తెలియని ఊరి పేజీ దగ్గర కాక, మీకు పుట్టినప్పటి నుండి తెలిసిన ఊరి పేజీ దగ్గర తెరవండి.

కిందటి ఏడు మా పూర్వ విద్యార్థి ఒకడు ఇటువంటి ప్రయాణానికే సిద్ధమవుతూ మూడు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లి, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు వెంట ఉంటారు. "దేనిని తీసుకోమంటారు ఉస్తాద్?" అని అడిగాడు. పుదుచ్చేరి సంగతి తరువాత చూద్దాం, ముందు మన హంసలదీవి గురించి ఇవి ఏమంటున్నాయో చదువు అన్నాను.

దివిసీమ వెలుపలి పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి దివిసీమను తన చేతుల మధ్య ఉంచుకుంటుంది. అవనిగడ్డ మీదుగా కోడూరు, కోడూరు దాటి పొలాలు, చేపల చెరువులు, ఉప్పు గాలి, ఆపైన హంసలదీవి. ఊరిలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. మాఘ పౌర్ణమికి వేలాది హిందూ సోదరులు సాగరసంగమ స్నానానికి వస్తారు. ఊరు దాటి పాలకాయతిప్ప చేరితే సముద్రతీరం. అక్కడ నుండి ఇసుక వెంట పోతే నది సముద్రంలో కలిసే మొగ. ఒక పక్క మడ అడవులు, మరొక పక్క అంతులేని నీరు. చూడదగిన చోటే, సందేహం లేదు.

మొదటి పుస్తకంలో హంసలదీవి ప్రసక్తే లేదు. విజయవాడ తరువాత ఆ పుస్తకం ఒక్క గంతులో ఆంధ్ర తీరమంతా దాటేసింది. ఇది లోపమే అయినా మోసం కాదు. తెలియనివాడు మౌనంగా ఉండటం మేలే. రెండవ పుస్తకం పెడన కలంకారీ గురించి నాలుగు వాక్యాలు చక్కగా రాసి, హంసలదీవిని ఒకే వాక్యంలో చెప్పి, సాయంత్రం తిరుగు వాహనాలు తక్కువ గనుక వచ్చిన వాహనాన్నే ఆపి ఉంచుకోమని హెచ్చరించింది. ఈ చివరి మాట చదివి మేమిద్దరం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. ఇది రాసినవాడు తప్పకుండా వచ్చాడు, వచ్చి ఇరుక్కున్నాడు కూడా! మూడవది అన్నిటికన్నా అందమైనది. రంగుల బొమ్మలు, మెత్తని కాగితం. అందులో హంసలదీవికి పూర్తి పేజీ ఇచ్చారు. ప్రశాంతమైన అలలు, కుటుంబ సమేతంగా జలకాలాడటానికి అనువైన తీరం, నదీ సంగమంలో మునిగితే మరపురాని అనుభూతి అని వర్ణించారు.

ఆ పేజీ చదివి నాకు కోపం వచ్చింది. మొగ దగ్గరి నేల నిలకడ లేనిది. నది తెచ్చే ఒండ్రు, సముద్రం తోసే ఇసుక రోజురోజుకూ అడుగును మారుస్తాయి. నిన్న మోకాలి లోతున్న చోట నేడు నిలువెత్తు గుంట ఉండవచ్చు. ఆటు మొదలైనప్పుడు నది నీరూ, వెనుదిరిగే సముద్రపు నీరూ కలిసి మనిషిని లోపలికి లాగుతాయి. ఇక్కడి జాలరి పిల్లవాడికి కూడా ఇది తెలుసు. బయటి ఊరి తండ్రికి తెలియదు. అతడు ఆ రంగుల పేజీని నమ్మి పదేళ్ల పిల్లవాడిని నీటిలోకి దింపుతాడు. ఆ వాక్యం రాసిన రచయిత ఏ గదిలో కూర్చుని రాశాడోగాని, ఈ మొగ ఒడ్డున నిలబడి మాత్రం రాయలేదు.

మరొక విషయం. మూడు పుస్తకాలలో ఏదీ 1977 నవంబరు 19ని తలచలేదు. ఆనాటి ఉప్పెన ఈ సీమ మీద నుండి నడిచి వెళ్లింది. అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. పులిగడ్డ అక్విడక్టు సమీపంలో వారి స్మారకం ఉంది. హంసలదీవికి పోయే యాత్రికులు ఆ దారినే పోతారు, కాని పుస్తకం చెప్పదు గనుక కారు ఆగదు. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారు. ఈ తేదీలు తెలియకుండా ఈ తీరపు ఇళ్లు ఎందుకు ఇలా ఉన్నాయో, నవంబరు మాసంలో ఆకాశం నల్లబడితే ముసలివారు ఎందుకు రేడియో దగ్గర కూర్చుంటారో ఎవరికీ అర్థం కాదు. గతించిన వారి జాడలను చూడటమంటే ఇదే కదా!

ఈ పరీక్షతో మూడవ పుస్తకం తన విలువను తానే తేల్చుకుంది. మనకు తెలిసిన ఊరి విషయంలో అబద్ధమాడినది తెలియని ఊరి విషయంలో నిజం చెబుతుందని ఆశించటం అమాయకత్వం. దానిని పక్కన పెట్టి, మిగిలిన రెండింటిలో పుదుచ్చేరి పేజీలు తెరిచాం.

తమిళనాడులో అరబీ కళాశాలలో చదువుకునే కాలంలో నేను పుదుచ్చేరికి పలుమార్లు వెళ్లాను గనుక అక్కడ కొంత నా సాక్ష్యం కూడా చెల్లుతుంది. పుస్తకాలన్నీ ఏకకంఠంతో పుదుచ్చేరిని ఫ్రెంచి మాట్లాడే నగరమంటాయి. ఇది సగం నిజం. 1956 నాటి అప్పగింత ఒప్పందం ప్రకారం ఫ్రెంచికి అక్కడ అధికార భాషా హోదా కొనసాగింది. 1826 నుండి నడుస్తున్న ఫ్రెంచి పాఠశాల ఉంది. 1955లో నెలకొన్న ఫ్రెంచి పరిశోధనా సంస్థ ఉంది. 1962లో ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ దేశపు సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునే తమిళులను ఊరివారు 'సోల్దా' అని పిలవటం నేను విన్నాను. వీధి పలకల మీద 'ర్యూ' అన్న మాట కనబడుతుంది. కాని ఆటోవాడు, పండ్ల బండివాడు, మందుల దుకాణంవాడు మాట్లాడేది తమిళం. పుస్తకం వెనుక ఉన్న నాలుగు పుటల ఫ్రెంచి సంభాషణలు కంఠస్థం చేసుకుని వెళ్లిన మన కుటుంబానికి వాటితో ఒక ఇడ్లీ కూడా దొరకదు. దానికి బదులు తమిళంలో 'ఎవ్వళవు', 'ఎంగే', 'తణ్ణి' అనే మూడు మాటలు ఎక్కువ ఉపకరిస్తాయి. ఈ సంగతి స్పష్టంగా చెప్పిన పుస్తకం దొరికితే కళ్లకద్దుకోండి.

ఊరి మధ్య ఒక కాలువ ఉంది. దానికి తూర్పున, సముద్రం వైపు, ఐరోపా వారి పేట. పడమటి వైపు తమిళుల పేట. నేరుగా గీత గీసినట్టున్న ఆ వీధుల పథకానికి పునాది వేసినవారు డచ్చివారు. ఫ్రాన్స్వా మార్తేఁ 1674లో నిలబెట్టిన ఊరిని వారు 1693లో వశపరచుకుని, 1699లో తిరిగి ఇచ్చివేశారు. గైడు పుస్తకాల పేజీలలో అధిక భాగం కాలువకు తూర్పుననే ఆగిపోతుంది. పసుపు గోడలు, తెల్ల స్తంభాలు, కాగితపు పూలతీగలు. పడమటి పేట దక్షిణ భాగంలో ముస్లింల వీధులున్నాయి. ఖాజీ వీధి, ముల్లా వీధి అన్న పేర్లే వాటి చరిత్రను చెబుతాయి. కుత్బా మస్జిదు, మీరాన్ మస్జిదు అక్కడివే. మరకాయర్లు అనబడే తమిళ ముస్లిం వర్తకుల ఇళ్లు, వాటి వరండాలు, చెక్క చెక్కడాలు తీరికగా చూడదగినవి. నా విద్యార్థి తెచ్చిన పుస్తకాలలో ఒకటి ఈ వీధులను ప్రస్తావించనే లేదు. రెండవది ఒక పటంలో మస్జిదు గుర్తు వేసి, రెండు వాక్యాలు రాసింది. మనకు ఆ గుర్తు చాలు. జుహర్ ఎక్కడ చేసుకోవాలి, హలాల్ భోజనం ఎవరిని అడగాలి, ఆడవారు వుజూ చేసుకునే చోటు ఉందా అన్న ప్రశ్నలకు సమాధానం ఆ వీధి మొదట్లో నిలబడినవారి దగ్గర దొరుకుతుంది.

ప్రతి పుస్తకానికీ తన మనసులో ఒక యాత్రికుడుంటాడు. అతడు ఎవరో గుర్తించటం మరొక పరీక్ష. ఆంగ్లంలో వచ్చే పెద్ద పుస్తకాల యాత్రికుడు చలిదేశం నుండి వచ్చే ఒంటరి యువకుడు. అతనికి సారాయి దుకాణం ఎక్కడుందో చెబుతారు. నడవలేని తల్లికి కూర్చునే బల్ల ఎక్కడుందో చెప్పరు. అతని సౌకర్యం కోసం డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలమని రాస్తారు. మన పిల్లలకు బడి సెలవులు మే నెలలో. అప్పటి ఎండకు మధ్యాహ్నం పదకొండు నుండి నాలుగు వరకు గదిలోనే ఉండి, ఫజర్ తరువాత రెండు గంటలు, అసర్ తరువాత రెండు గంటలు తిరగాలని మనవారి కోసం ఎవరైనా రాయాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల వర్షాలు. దసరా సెలవులలో వెళ్లేవారు గొడుగు మరువరాదు. సాయంత్రం వేళ సముద్రపు రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. మోకాళ్ల నొప్పులవారికి ఇది మేలూ, కీడూ. మేలు ఏమిటంటే నిర్భయంగా కూర్చోవచ్చు. కీడు ఏమిటంటే ఆటో దిగి కొంత దూరం నడవాలి. ఆ ఒడ్డున పేర్చిన నల్లరాళ్లు అలలను చూడటానికి అనువైనవే కాని స్నానానికి కావు.

పుస్తకం ఏ ఏట అచ్చయిందో చూడటం మరువకండి. ముఖపత్రం వెనుక చిన్న అక్షరాలలో ఉంటుంది. కొత్త అట్ట తొడిగి పాత సమాచారాన్నే అమ్మటం ఈ వ్యాపారంలో లేకపోలేదు. నా అంచనాలో మూడేళ్లు దాటిన పుస్తకంలోని ధరలు, వేళలు, ఫోను నంబర్లు వదిలేసి చరిత్ర, పటాలు మాత్రం వాడుకోవాలి.

ఈ పుస్తకాల పుట్టుక కూడా ఆసక్తికరమైనదే. లండనులో జాన్ మర్రే, జర్మనీలో కార్ల్ బెడెకర్ పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో వీటికి నేటి రూపం ఇచ్చారు. ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు 1900లో మోటారు వాహనదారులకు ఒక పుస్తకాన్ని ఉచితంగా పంచారు. వారు టైర్లు తయారు చేసేవారు. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి! ఉల్లేఖకుడి స్వప్రయోజనం గురించి పైన చెప్పిన మాటకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు తెలియదు. అయినా ఆ పుస్తకం మంచిదే అయింది. ప్రయోజనం ఉన్నంత మాత్రాన అబద్ధమని అర్థం కాదు, తెలిసి చదవాలని మాత్రమే అర్థం. ఫ్రెంచి వారి ప్రసిద్ధ నీలి గైడు పుస్తకం కట్టడాలను తప్ప మనుషులను చూడదని రోలాఁ బార్త్ అనే ఫ్రెంచి విమర్శకుడు 1957లో వెలువడిన తన వ్యాస సంపుటిలో దుయ్యబట్టాడు. హంసలదీవి పేజీలో ఉప్పెన లేకపోవటం, పుదుచ్చేరి పేజీలో ముల్లా వీధి లేకపోవటం ఆ కోవలోనివే. ఇక ఫోనులో కనబడే నక్షత్రాలు, ప్రశంసలు ఉన్నాయి. ఎక్కడ రద్దీ ఉందో, ఏ దారి మూసి ఉందో తెలుసుకోవటానికి అవి మంచివే. కాని ఆ నక్షత్రాలు ఇచ్చినవారు మన పరిభాషలో మజ్హూల్‌లే.

పుదుచ్చేరి సరే, అసలు ఫ్రెంచి దేశానికే పోయేవారు కూడా నేడు మన కుటుంబాలలో ఉన్నారు. పిల్లలు పారిస్‌లోనో, కెనడాలోని మాంట్రియల్‌లోనో చదువుకుంటూ తల్లిదండ్రులను రమ్మంటున్నారు. అటువంటివారికి నేను మొదట పరిచయం చేసేది దుకాణంలో దొరికే పుస్తకాన్ని కాదు, ఒక మౌలానా రాసిన పుస్తకాన్ని. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ 1826లో విద్యార్థులను పారిస్‌కు పంపుతూ, వారికి ఇమాముగా అల్ అజ్హర్‌లో చదివిన రిఫాఆ అత్తహ్తావీ అనే యువ పండితుడిని పంపాడు. చూసినదంతా రాసిపెట్టమని గురువు షేఖ్ హసన్ అల్ అత్తార్ అతనికి చెప్పి పంపారు. నమాజు చేయించటానికి వెళ్లినవాడు అక్కడి భాష నేర్చుకోవటం మొదలుపెట్టి ఐదేళ్లు ఉన్నాడు. 1834లో 'తఖ్లీసుల్ ఇబ్రీజ్' అన్న పేరుతో పారిస్ వృత్తాంతాన్ని అరబీలో ప్రకటించాడు. మార్సెయ్‌లో ఒక కాఫీశాలలోకి అడుగుపెట్టి, లోపల పెద్ద వీధీ, జనసమూహమూ ఉన్నాయని భ్రమపడి, చివరకు అవన్నీ గోడ అద్దాలలో తమ ప్రతిబింబాలేనని తెలుసుకున్న సంగతిని కూడా దాచకుండా రాశాడు. అక్కడివారి పరిశుభ్రతను, విద్యాసక్తిని మెచ్చుకున్నాడు. తన ధర్మానికి సరిపడనివాటిని సరిపడవని చెప్పాడు. వారి రాజ్యాంగ పత్రాన్ని అనువదించి చేర్చాడు. తాను ఉన్నాడు, చూశాడు, భాష నేర్చి అడిగాడు, రెండు వైపులా చెప్పాడు. ఉల్లేఖకుడికి కావలసిన లక్షణాలలో ఇంకేమి మిగిలింది? పుస్తకం పాతదే, ధరలు పనికిరావు. చూసే పద్ధతి మాత్రం పాతబడలేదు.

మన తెలుగు నేల నుండి పారిస్ చేరి అక్కడే దాదాపు అర్ధ శతాబ్దం గడిపిన మహా పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్‌ను కూడా ఇక్కడ స్మరించాలి. 1908లో హైదరాబాదులో జన్మించి, జామియా నిజామియాలోనూ, ఉస్మానియాలోనూ చదివిన ఆయన చేసిన ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం 1959లో వెలువడింది. పారిస్‌కు పోయే మనవారు ఎత్తైన ఇనుప గోపురంతో పాటు, 1926లో ప్రారంభమైన పారిస్ పెద్ద మస్జిదును కూడా చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కోసం ప్రాణాలర్పించిన ముస్లిం సైనికులకు గుర్తుగా కట్టినది అది. ప్లాస్ మోఁజ్ అనే మెట్రో స్టేషనులో దిగి నడిచిపోవచ్చు.

అక్కడికి పోయేవారికి పుస్తకంలోని ఫ్రెంచి మాటలు నిజంగానే అవసరం. దుకాణంలో అడుగుపెడుతూనే 'బోఁజూర్' అనటం అక్కడి మర్యాద. సలాము చెప్పకుండా ఇంట్లోకి వచ్చినవాడిని మనం ఎలా చూస్తామో, ఆ మాట అనకుండా బేరం మొదలుపెట్టినవాడిని వారు అలా చూస్తారు. భోజనశాలల పట్టికలో పోర్, జాఁబోఁ, లార్దోఁ, సేఁదూ అన్న మాటలు పంది మాంసాన్నీ, కొవ్వునూ సూచిస్తాయి. వేఁ అంటే ద్రాక్ష సారాయి. అది పులుసులలో కూడా పడుతుంది. ఈ మాటలను వారి లిపిలో ఎవరిచేతనైనా రాయించుకుని పుస్తకం అట్టలో పెట్టుకోండి. జీవితమంతా పడమటికి తిరిగి నమాజు చేసినవారు అక్కడ ఆగ్నేయానికి తిరగాలి. జూన్ మాసంలో మగ్రిబ్ దాదాపు రాత్రి పది గంటలకు. పిల్లల భోజనాలు, నిద్రలు దానిని బట్టి సర్దుకోవాలి. ఏ గైడు పుస్తకమూ ఈ పని మనకు చేసిపెట్టదు.

ఇంతకీ నా విద్యార్థి ఆ రెండవ పుస్తకాన్నే తీసుకున్నాడు. హంసలదీవిలో వాహనం దొరకక ఇరుక్కున్న రచయితదే. పటంలో ముల్లా వీధి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, తల్లి కోసం కూర్చునే చోట్లను అక్కడికి వెళ్లాక రాసుకోవటానికి రెండు తెల్ల కాగితాలు కుట్టించుకున్నాడు.

ఆ మూడవ పుస్తకపు పేజీ మాత్రం నన్ను చాలా రోజులు వదలలేదు. పై తరగతి విద్యార్థులకు దానిని చదివి వినిపించి, కొత్తవాడు వస్తే మన ప్రాంతం గురించి ఏమి చెబుతారో ఒక్కొక్కరూ ఒక పేజీ రాసి తెమ్మన్నాను. బందరు పిల్లవాడు పరాసుపేట గురించి రాశాడు. చాలామంది సూర్యోదయాన్ని వర్ణించారు. కొందరు ఆ రంగుల పుస్తకం వాక్యాలనే అటూ ఇటూ మార్చి తెచ్చారు. తద్లీస్ అంటే ఏమిటో వారికి మరొకసారి బోధించవలసి వచ్చింది. కోడూరు వైపు నుండి వచ్చే ఒక పిల్లవాడి తండ్రి పడవ మీద వేటకు పోతాడు. వాడి పేజీలో సూర్యుడు లేడు. ఏ తిథులలో పోటు ఎక్కువగా ఉంటుందో, మొగ దగ్గర ఏ పక్క ఇసుక దిగబడుతుందో, తిరుగు ఆటో కోసం ఎన్ని గంటలకు రోడ్డు మీదికి వచ్చేయాలో, మంచినీళ్లు ఎక్కడ నుండి తెచ్చుకోవాలో రాశాడు. ఉప్పెనలో పోయిన తన ముత్తాత ఇల్లు ఎక్కడ ఉండేదో ఒక గీత గీసి చూపాడు. కింద ఇలా రాశాడు: "నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి. ఎవరూ లేకపోతే దిగకండి."